ఇండికేటరు వెయ్యబోతే వైపరు

మా బావగారు ఓడల్లో ఇంజినీరుగా పనిచేసి, రిటైరై బందరు వచ్చేశాక రెండు వస్తువులు కొన్నారు. మొదటిది వాషింగ్ మెషీను. దానికి మా అక్క సంతోషించింది. రెండోది సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు. అది వచ్చిన రోజు అక్క గేటు దగ్గరికి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, "వెనక సీటు ఏదీ?" అని అడిగింది. వెనక సీటు లేదు. రెండు తలుపులు, రెండు సీట్లు, ముదురాకుపచ్చ రంగు, మోకాలెత్తు మాత్రం ఉండే కారు. అక్క లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత ఆ కారు సంగతి ఆవిడ ఎత్తితే ఒట్టు.

నేను పశువుల డాక్టర్ని. గుడివాడ దగ్గర ఆసుపత్రిలో పని. ఉండేది బందరులోనే, అక్కావాళ్ళకి రెండు వీధుల అవతల. రోజూ నా చిన్న కారులో పెడన, గూడ్లవల్లేరు మీదుగా వెళ్ళి వస్తాను. ఏళ్ళ తరబడి ఆ రోడ్డు మీద నడిపి నడిపి, కారు సంగతి నేను ఆలోచించడం మానేశాను. చేతులే చూసుకునేవి. గేదె అడ్డం వస్తే హారను, మలుపొస్తే ఇండికేటరు, వానొస్తే వైపరు. మనసులో ఆవేళ చూడాల్సిన చూడి గేదెలుండేవి.

ఆ సుఖం బావగారు మేడ మెట్ల మీద జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్న రోజుతో పోయింది.

పడటానికి సమయం కూడా చూసుకున్నట్టు పడ్డారు. వాళ్ళ అమ్మాయి పెళ్ళి దగ్గర పడింది. పెళ్ళి అవనిగడ్డలో, పెళ్ళికొడుకు వాళ్ళ చర్చిలో. బందరు నుంచి చర్చి దాకా అమ్మాయిని తన కారులో, తనే నడుపుతూ తీసుకెళ్ళాలని బావగారి కోరిక. ఆ పిల్ల పుట్టినప్పుడు ఆయన సముద్రం మీద ఉన్నారు. బడిలో చేరినప్పుడు, పదో తరగతి పాసైనప్పుడు, బ్యాంకులో ఉద్యోగం వచ్చినప్పుడు కూడా సముద్రం మీదే. ఈ ఒక్క ప్రయాణమైనా తన పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్దామనుకున్నారు. మోచేతి దాకా సిమెంటు కట్టుతో గేరు ఎలా వేస్తారు?

"నువ్వు నడపాలమ్మాయ్," అన్నారు నాతో.

"నా కారులో తీసుకెళ్తాను బావగారూ. ఏసీ బాగుంటుంది, చీర నలగదు."

"నీ కారు గురించి కాదు నేను చెప్పేది."

అక్క వంటింట్లోంచి నావైపు చూసి తల అడ్డంగా ఊపింది, ఒప్పుకోవద్దన్నట్టు. కానీ బావగారు కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తీరు చూశాక కాదనలేకపోయాను. కారు నడపడం వచ్చిన మనిషికి ఏ కారైనా ఒకటేగా అనుకున్నాను కూడా.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాం. సీట్లో కూర్చుంటే నేల మీద చాప పరుచుకుని కూర్చున్నట్టుంది. తాళంచెవి తీసుకుని స్టీరింగు కింద కుడివైపు కన్నం కోసం వెతికాను. లేదు. ఎడమవైపు చూశాను. అక్కడా లేదు.

"మధ్యలో, గేరు వెనకాల," అన్నారు బావగారు.

రెండు సీట్ల మధ్య, గేరు కడ్డీ వెనకాల ఉంది కన్నం. దాని పక్కనే అద్దాలు దించే మీటలు. తాళం తిప్పుతుంటే మోచెయ్యి తగిలి నావైపు అద్దం దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు కోసం ఎడమవైపు తడిమితే బావగారి మోకాలు తగిలింది. అది నా సీటుకీ తలుపుకీ మధ్య, కుడివైపు సందులో ఉందట. దాని సంగతి వేరే చెప్పాలి. పైకి లాగితే బ్రేకు పడుతుంది, ఒప్పుకుంటాను. వదలగానే కడ్డీ మళ్ళీ కిందికి వాలిపోతుంది, బ్రేకు మాత్రం పడే ఉంటుంది. తియ్యాలంటే మళ్ళీ పైకి లాగి, కొసన బొత్తాం నొక్కి దించాలి. బ్రేకు పడి ఉన్నా లేకపోయినా కడ్డీ చూడ్డానికి ఒకేలా పడుకుని ఉంటుంది.

"మరి పడిందో లేదో ఎలా తెలుస్తుందండీ?"

"కదిలితే పడలేదన్నమాట," అన్నారు.

ఆయన జోకు వెయ్యలేదు. మామూలుగానే చెప్పారు.

వీధి చివర కుడివైపు తిరగాలి. అలవాటు కొద్దీ కుడిచేత్తో స్టీరింగు పక్కనున్న మీట కిందికి తోశాను. పొడి అద్దం మీద వైపర్లు కిర్రుకిర్రుమంటూ ఊగడం మొదలుపెట్టాయి. ఈ కారులో ఇండికేటరు ఎడమవైపు, వైపరు కుడివైపు. నా కారుకి సరిగ్గా తిరగేసి. కంగారులో హారను కొడదామని స్టీరింగు మధ్యలో గుద్దాను. చప్పుడు లేదు. హారను మధ్యలో ఉండదట. స్టీరింగు పుల్లల మీద, బొటనవేలి కింద రెండు చిన్న బొత్తాలుంటాయట. స్టీరింగు తిప్పితే దాంతోపాటు అవీ తిరిగిపోతాయి. హారను మలుపులోనే కదా కావాలి, అప్పుడే అవి ఎక్కడికి పోయాయో వెతుక్కోవాలి.

"ఎవరు చేశారు బావగారూ ఈ కారు?"

"వాళ్ళ దేశంలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడమ్మాయ్. అప్పుడు గేరు కుడిచేతికి, ఇండికేటరు ఎడమచేతికి, చక్కగా సరిపోతాయి. మనలాంటి వాళ్ళ కోసం సీటూ స్టీరింగూ ఇటు మార్చారు. మీటలు మాత్రం అలాగే ఉంచేశారు."

"అంటే మలుపు దగ్గర గేరు తగ్గించడానికీ ఎడమచెయ్యే, ఇండికేటరుకీ ఎడమచెయ్యే. కుడిచెయ్యి ఏం చెయ్యాలి?"

"స్టీరింగు పట్టుకో," అన్నారు.

అలా పెళ్ళి దాకా రోజూ సాయంత్రం గుడివాడ నుంచి రాగానే, టీ కూడా సరిగ్గా తాగనివ్వకుండా బావగారి ఫోను. బైపాసు దాకా వెళ్ళి రావడం, చల్లపల్లి రోడ్డు మీద కొంతదూరం వెళ్ళి రావడం. ఆయన పక్కన కూర్చుని కట్టు చేత్తో గాల్లో గేర్లు వేస్తూ ఉండేవారు. వరి కోతల కాలం. రోడ్డుకి సగం మేర ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టి ఉండేది. మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టరు వస్తే, ఆ పల్లపు సీట్లోంచి నాకు దాని చక్రం తప్ప ఇంకేం కనబడేది కాదు. హారను కోసం బొటనవేళ్ళు వెతికేవి. ఈలోగా ట్రాక్టరాయన పక్కకి తప్పుకుని, వానలేని ఆకాశం కింద ఊగుతున్న నా వైపర్ల వైపు జాలిగా చూసేవాడు.

విసుగొచ్చేది అందుకు కాదు. కొన్నాళ్ళకి నాకు ఆ కారు అలవాటైపోయింది, అందుకు. చెయ్యి తనంతట తనే మధ్యలోకి వెళ్ళి తాళం పెట్టడం, ఎడమచెయ్యి ఇండికేటరు వెయ్యడం వచ్చేశాయి. బావగారు, "చూశావా, ఎంత సులువో," అన్నారు. ఆ మర్నాడు పొద్దున్న నా సొంత కారు ఎక్కి, తాళంచెవిని సీట్ల మధ్య నీళ్ళ సీసా పెట్టే గుంటలో గుచ్చాను. పెడన దగ్గర ఎడమవైపు తిరగబోతూ వైపరు వేశాను. గూడ్లవల్లేరు సెంటర్లో మళ్ళీ వైపరే. నా వెనకొచ్చే ఆటో అతను గట్టిగా బ్రేకు వేసి, పక్కకొచ్చి ఆపి, చాలా మర్యాదగా, "మేడంగారూ, వాన లేదు కదండీ," అన్నాడు.

"తెలుసు బాబూ," అన్నాను.

మూడో రోజుకో నాలుగో రోజుకో అతనికే అలవాటైంది. నా వైపరు ఊగితే దూరంగా ఆగిపోయి, ముందు వెళ్ళమని చెయ్యి చూపించేవాడు. ఆసుపత్రి దగ్గర ఒక రైతు కూడా అన్నాడు, "డాక్టరమ్మగారు వైపరేస్తే తిరుగుతున్నారని మా ఊళ్ళో అందరికీ తెలుసండీ," అని. మెచ్చుకోలుగానే అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సాయంత్రం స్పోర్ట్స్ కారు ఎక్కేసరికి పగలంతా నా కారులో సరిచేసుకున్న చేతులు మళ్ళీ తప్పేవి. చివరికి రెండు కార్లలోనూ ఏ మీట నొక్కాలన్నా ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన గతి పట్టింది.

మావారు ఇదంతా చూసి, "ఇంకెవరైనా నడపకూడదా?" అన్నారు. ఆయన నా చిన్న కారు తప్ప వేరే కారు ముట్టుకోరు. "మీరు నడుపుతారా?" అన్నాను. పేపరు అడ్డం పెట్టుకున్నారు.

పెళ్ళికూతురు మాత్రం ఈ గొడవలో ఒక్క మాట కూడా అనేది కాదు. గుడివాడలో బ్యాంకు నుంచి రైల్లో వచ్చి, మేం కారు బయటికి తీస్తుంటే వరండాలో నిలబడి చూసేది. ఒకసారి నేను వెనక్కి గేరు పడక తంటాలు పడుతుంటే, "కిందికి నొక్కి ఎడమకి తొయ్యి పిన్నీ," అంది. బావగారు వెంటనే దగ్గారు. అది లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు నాకేం తట్టలేదు.

పెళ్ళిరోజు పొద్దున్నే మబ్బు పట్టింది. ఇంట్లో ప్రార్థన చేసుకుని బయల్దేరాం. ముందు స్పోర్ట్స్ కారులో నేనూ, పెళ్ళికూతురూ. దాని తెల్ల పట్టుచీర కుచ్చిళ్ళు సర్ది, మేలిముసుగు మడత పెట్టి ఒళ్ళో ఉంచేసరికి ఆ కారులో గాలి ఆడే చోటు కూడా మిగల్లేదు. వెనకాలే నా కారులో మావారు డ్రైవింగు, పక్కన బావగారు, వెనక సీట్లో అక్క. ఇద్దరికి మించి చోటు లేని కారు కొన్నందుకు, కూతురి పెళ్ళిరోజున ఆయనకే అందులో చోటు లేకపోయింది. బయల్దేరే ముందు నా కిటికీ దగ్గరికి వచ్చి, కట్టు లేని చేత్తో తలుపు మీద తట్టి, ఏదో అనబోయి, "నెమ్మదిగా," అని మాత్రం అన్నారు.

చల్లపల్లి దాటేదాకా బాగానే వెళ్ళాం. మోపిదేవి దగ్గర పడుతుండగా సన్నగా తుంపర మొదలైంది. వైపరు వేద్దామని మీట నొక్కాను. ఇండికేటరు వెలిగింది. ఇన్నాళ్ళూ ఇండికేటరు అడిగితే వైపరిచ్చిన కారు, వైపరు అడిగిన రోజున ఇండికేటరిచ్చింది. ఎదురుగా ధాన్యం మీద బరకాలు కప్పడానికి జనం రోడ్డు మీదికి పరుగెత్తుతున్నారు. వెనకున్న లారీ నేను కుడివైపు తిరుగుతానేమోనని ఎడమవైపు నుంచి దూరబోయింది. ఎలాగో పక్కకి తీసి ముందుకెళ్ళాను.

అక్కడి నుంచి కాస్త దూరంలో కాలవ మీద వంతెన ఉంది. ఎక్కే దగ్గర ఎత్తు. ఆ ఎత్తు మీద వరి కోత మిషనొకటి ఎదురొచ్చి, దారంతా ఆక్రమించి ఆగిపోయింది. దాని వెనక బస్సు, మా ముందు రెండు ట్రాక్టర్లు. నేను ఎత్తులో ఆగాను. బ్రేకు మీద కాలు, క్లచ్చి మీద కాలు. కుడిచెయ్యి సందులో దూర్చి హ్యాండ్ బ్రేకు లాగాను. కడ్డీ వాలింది. పడిందనుకుని కాలు తీశాను. కారు వెనక్కి జారింది.

వెనక నా కారే ఉంది. మావారు హారను మోగించారు. బ్రేకు గట్టిగా తొక్కాను. ఇంజను ఆగిపోయింది. తాళం కోసం స్టీరింగు పక్కన వెతికాను, తర్వాత మధ్యలోకి వెళ్ళాను, మోచెయ్యి తగిలి అద్దం దిగి తుంపర లోపలికొచ్చింది. ఫోను మోగింది. బావగారు. పెళ్ళికూతురు స్పీకరు పెట్టింది.

"పైకి లాగి వదిలెయ్యమ్మాయ్. బొత్తాం నొక్కకు. నొక్కితే ఊడిపోతుంది."

"నొక్కలేదండీ."

"నొక్కి ఉంటావు," అని పెట్టేశారు.

మళ్ళీ స్టార్టు చేసి కదిలించబోయాను. మళ్ళీ ఆగిపోయింది. ఈసారి బెత్తెడు జారి, నా కారు బంపరుకి ఆనుకున్నంత పనైంది. కోత మిషను అంచుకి జరిగి దారిచ్చాక ముందు ట్రాక్టర్లు కదిలిపోయాయి. కోత మిషను నడిపే అతను పైనుంచి మా కారులోకి తొంగి చూస్తున్నాడు.

"పిన్నీ," అంది పెళ్ళికూతురు. "బ్రేకు నేను పైకి లాగలేను, నీవైపుంది. నువ్వే లాగి, బొత్తాం ముట్టుకోకుండా వదిలెయ్. గేరులో ఉంచు. దిగు."

"దిగడమేంటే?"

"నేను నడుపుతాను."

నేను దాని మొహం చూశాను. తల్లో తెల్లపూలు, కళ్ళకి కాటుక, చేతులకి తెల్ల గ్లవ్సు. ఆ గ్లవ్సు ఒక్కొక్క వేలూ లాగి తీస్తోంది.

"నీకొచ్చా ఇది?"

"ఇదే వచ్చు. డాడీ నేర్పారు. ఆదివారం మధ్యాహ్నాలు మంగినపూడి తీసుకెళ్ళేవారు కదా, బీచికి అని మమ్మీతో చెప్పి. లైసెన్సు కూడా దీంట్లోనే తీసుకున్నాను. మమ్మీకి చెప్పలేదు. ఈ కారంటే భయం కదా తనకి."

"మరి ఇన్నాళ్ళూ నా ప్రాణం ఎందుకు తీశారే?"

"డాడీ వద్దన్నారు. పెళ్ళికూతురు తనే కారు నడుపుకుంటూ వస్తే అవనిగడ్డ వాళ్ళు ఏమనుకుంటారో అని. దిగు పిన్నీ, టైమవుతోంది."

దిగాను. తుంపరలో, కాలవ వంతెన మీద, ఆ పిల్ల చీర కుచ్చిళ్ళు రెండు చేతులా ఎత్తి పట్టుకుని కారు ముందునుంచి చుట్టి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. చెప్పులు విప్పి నాకిచ్చింది. మేలిముసుగూ పూలగుత్తీ గ్లవ్సూ చెప్పులూ ఒళ్ళో పెట్టుకుని నేను పక్క సీట్లో కూర్చున్నాను. అది చూడకుండానే మధ్యలో తాళం తిప్పింది, చూడకుండానే కుడివైపు కడ్డీ లాగి బొత్తాం నొక్కి దించింది. కారు ఎత్తు మీద నుంచి ఒక్క అంగుళం వెనక్కి జారకుండా కదిలింది. వైపరు వేసింది. వైపరే పడింది. వంతెన దిగాక మలుపులో, తిరుగుతున్న స్టీరింగు మీద ఎక్కడుందో బొత్తాం, బొటనవేలితో హారను కొట్టింది.

బావగారి ఫోను మళ్ళీ మోగలేదు.

వెనక కారులో ఏం జరిగిందో మావారు తర్వాత చెప్పారు. కూతురు దిగి చుట్టూ తిరిగి రావడం చూసి అక్క, "అదేంటి, అది అటు ఎక్కుతోంది?" అని అడిగిందట. బావగారు చేతి కట్టు వైపు చూస్తూ కూర్చున్నారట. కాసేపటికి అక్క, "మంగినపూడి," అని ఒక్క మాట అందట.

నేను పక్కన కూర్చుని ఉడికిపోతున్నాను. ఎన్ని సాయంత్రాలు. ఎన్ని వైపర్లు. వెనకొచ్చే ఆటో అతనికి ఎంత లోకువయ్యాను. తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ చూపు దాని చేతుల మీదికి పోయింది. నాకు అన్నీ తప్పుచోట ఉన్నట్టు కనిపించిన కారు, దాని చేతులకి సరిగ్గా అతికినట్టుంది. అది నేర్చుకున్నది దీని మీదే. దానికి ఇండికేటరు ఎడమవైపే ఉంటుంది, తాళం మధ్యలోనే ఉంటుంది.

"ఊరి మొదట్లో ఆపు, సీట్లు మారదాం," అన్నాను అవనిగడ్డ దగ్గర పడుతుంటే.

"ఎందుకు?"

"మీ అత్తగారు."

"ఎప్పటికైనా తెలుస్తుంది కదా పిన్నీ," అంది. ఆపలేదు.

చర్చి ఆవరణలోకి తిన్నగా తీసుకెళ్ళి, మెట్ల ముందు ఆపింది. బ్యాండు వాళ్ళు వాయించడం ఆపేశారు. పెళ్ళికొడుకు వాళ్ళమ్మ, రిటైరైన హెడ్మిస్ట్రెస్, గొడుగు పట్టుకుని నావైపు తలుపు దగ్గరికి వచ్చారు, కోడల్ని దింపుకోవడానికి. తలుపు తీస్తే ఒళ్ళో చెప్పులు పెట్టుకుని నేనున్నాను. ఆవిడ నన్ను చూసి, అవతలికి చూసి, గొడుగుతో చుట్టూ తిరిగి వెళ్ళారు.

"అంత కిందికి కూర్చుంటే రోడ్డు కనబడుతుందామ్మా?" అని అడిగారు.

"అలవాటైతే కనబడుతుందండీ," అంది అది.

"మా ఇంట్లో కారుంది, మా అబ్బాయి నాకు నేర్పమంటే నేర్పడు," అని గొడుగు దాని తల మీదికి పట్టారు ఆవిడ. అంతే. పాస్టరు అయ్యగారు లోపలికి రమ్మని కబురు పంపారు.

బావగారు వెనక కారు దిగి మెట్ల దగ్గరికి వచ్చారు. ఎడమచెయ్యి మెళ్ళో గుడ్డకి వేలాడుతోంది. కుడిచెయ్యి చాపితే కూతురు పట్టుకుంది. ఇద్దరూ లోపలికి నడిచే ముందు ఆయన నా దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఎత్తు మీద ఎలా తీసింది?" అని అడిగారు.

"అంగుళం కూడా జారలేదు," అన్నాను. కోపంగానే అన్నాను.

ఆయన కళ్ళు నిండాయి. జేబురుమాలు ఎడమ జేబులో ఉంది, అందలేదు. నేనే తీసిచ్చాను.

అక్క ఆయనతో ఆ వారమంతా మాట్లాడలేదు. తర్వాత మామూలైపోయింది. కట్టు విప్పాక బావగారే ఆ కారు నడుపుకుంటున్నారు, నన్ను పిలవడం లేదు. నా చేతులు కూడా నెమ్మదిగా దారికొచ్చాయి. ఆటో అతను నా వెనక దగ్గరగా రావడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు అవనిగడ్డ నుంచి అమ్మాయి ఫోను. తనకి కారు నేర్పమని అత్తగారు ఇంట్లో ఉన్న కారు తాళాలు దానికే ఇచ్చారట. వీధి చివర తిరగబోతే వైపర్లు ఊగాయట. అత్తగారు పక్కనుంచి, "వాన లేదు కదమ్మా," అన్నారట. బ్రేకు కోసం తలుపు సందులో తడిమిందట.

"పిన్నీ, మామూలు కార్లో అన్నీ తిరగేసి పెట్టారేంటి? నీకు రెండూ వచ్చు కదా. శనివారం వచ్చి ఒకపూట పక్కన కూర్చోవా?"

నాకు రెండూ వచ్చట. శనివారం నాకు గూడ్లవల్లేరులో గేదెలకి టీకాలున్నాయని చెప్పాను. ఆదివారం ఆరాధన అయ్యాక వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను.